కాలనీలో సమాచార గది: పోలీసు దర్యాప్తుకు పనికొచ్చేలా ఎలా నడపాలి?

తెల్లారేసరికి ఒకే లైన్లో మూడిళ్ల తాళాలు పగిలి ఉంటాయి. లేదా సాయంత్రం నడకకు వెళ్లిన పెద్దాయన రాత్రి పదైనా ఇంటికి రాడు. విశాఖలోని ఎంవీపీ కాలనీలో అయినా, మురళీనగర్‌లో అయినా, మధురవాడ అపార్టుమెంట్లలో అయినా ఆ తర్వాతి గంటలో జరిగేది ఒకటే: వాట్సాప్ గ్రూపు మోగిపోతుంది. ఒకరు ఆటో అంటారు, ఇంకొకరు ఎర్ర బైకు అంటారు, ఎవరో మసక ఫొటో ఒకటి పెడతారు. ఇందులో స్టేషన్‌ దాకా చేరేది ఏ పావు వంతో. చేరినదాంట్లో కూడా ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అన్నది ఉండదు.

దీనికి విరుగుడు కాలనీలోనే ఒక సమాచార గది. మన చట్టంలో ఇలాంటి గదికి ప్రత్యేకమైన హోదా ఏమీ లేదు. దర్యాప్తు అధికారి సరేనంటే నడిచే సాయం, అంతే. దాని పని మూడు మాటల్లో చెప్పొచ్చు: సేకరించడం, చెడిపోకుండా ఉంచడం, అప్పగించడం. దొంగ ఎవరో తేల్చడం దాని పని కాదు. ఈ గీత దాటిన ప్రతి గదీ కేసుకు అడ్డమే అయింది.

బ్రిటన్ పోలీసులు పెద్ద కేసుల్లో ‘ఇన్సిడెంట్ రూమ్’ తెరిచి, వచ్చిన ప్రతి ముక్కనూ నమోదు చేస్తారు. యార్క్‌షైర్ వరస హత్యల కేసులో 1981లో పట్టుబడ్డ హంతకుణ్ని పోలీసులు అంతకుముందే తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. సమాచారం చాలక కాదు, టన్నుల కొద్దీ కార్డుల్లో ఒకదానికొకటి తగలక. ఆ దెబ్బతోనే 1980ల మధ్యలో హోమ్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చుకున్నారు. కాలనీకి అంత హంగు అక్కర్లేదు. ఒక బౌండు పుస్తకం, పద్ధతి తెలిసిన ముగ్గురు మనుషులు ఉంటే నడుస్తుంది.

ముందు స్టేషన్, తర్వాతే గది

112కు ఫోన్ చేయండి, లేదా నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. హద్దు మాది కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మనిషి కనబడకపోతే ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఎక్కడా లేదు. పిల్లలు తప్పిపోతే వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. రైల్లోనో ప్లాట్‌ఫాం మీదో జరిగితే అది రైల్వే పోలీసుల పరిధి. ఫోన్‌లో డబ్బులు పోయిన కేసయితే గది తెరిచి లాభం లేదు, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

ఎఫ్‌ఐఆర్ పడ్డాక దర్యాప్తు అధికారిని, అంటే మీ ఎస్‌ఐనో సీఐనో, మూడు సంగతులు అడగాలి. కాలనీలో గది తెరవొచ్చా? వచ్చిన సమాచారం రోజూ ఏ ఒక్కరికి అందించాలి? ఏ వివరం బయటికి పొక్కకూడదు? మూడోది జనం మరిచిపోతుంటారు. తాళం దేంతో పగలగొట్టారు, ఏ నగ పోయింది, మనిషి ఒంటి మీద ఏ పుట్టుమచ్చ ఉంది లాంటివి నేరస్తుడికీ పోలీసులకూ మాత్రమే తెలిసి ఉంటే, రేపు ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు నిజమో అబద్ధమో తేలుతుంది. అది గ్రూపులో పెట్టేస్తే ఆ పరీక్ష పోయినట్టే. అధికారి వద్దంటే గది తెరవొద్దు.

లైంగిక నేరాల్లో అసలు తెరవకూడదు. బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. నలుగురు కూర్చున్న గదిలో పేరు దాగదు. కుటుంబ గొడవలు, ప్రేమ వ్యవహారాలు కూడా ఇంతే. చుట్టుపక్కల వాళ్ల నోళ్లకు మేత తప్ప దర్యాప్తుకు ఒరిగేది ఏమీ ఉండదు.

గది, మనుషులు, పుస్తకం

కమ్యూనిటీ హాలు గానీ అసోసియేషన్ ఆఫీసు గానీ చాలు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే పెద్దవాళ్లు మెట్లెక్కక్కర్లేదు. చెప్పే మనిషి మాట వరండాలో కూర్చున్నవాళ్లకు వినబడకూడదు, కాబట్టి బల్లను తలుపుకు దూరంగా, గోడవైపు వేయండి. తాళం పడే బీరువా ఒకటి, కొత్త సిమ్ వేసిన మామూలు ఫోన్ ఒకటి ఉండాలి. సొంత నంబర్లు పోస్టర్ల మీద వేయొద్దు, నెలల తరబడి అర్ధరాత్రి ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా ఇద్దరు చొప్పున వంతులు వేసుకోండి. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మంచిది, ఇంటి ఆడవాళ్లు, పనిమనుషులు నోరు విప్పుతారు. బాధిత కుటుంబంలోని వాళ్లను, కాలనీలో ఎవరితోనైనా పాత తగాదా ఉన్నవాళ్లను, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లను పుస్తకం దగ్గర కూర్చోబెట్టొద్దు. వార్డు సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శి ఉంటే మొదటి రోజే కలవండి. స్టేషన్‌కూ మీకూ మధ్య వారధి ఆవిడే అవుతారు.

పుస్తకం బౌండుదే కావాలి. విడి కాగితాలు, నోట్‌ప్యాడు పనికిరావు. రాయడం మొదలుపెట్టే ముందే పేజీలన్నిటికీ నంబర్లు వేయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. వైట్నర్ పూస్తే, పేజీ చింపితే మొత్తం పుస్తకం మీదే అనుమానం వస్తుంది. చెప్పినవారి పేరూ ఫోనూ ఇందులో రాయకుండా వేరే చిన్న పుస్తకంలో అదే వరస నంబరు కింద రాసి బీరువాలో పెట్టండి. పెద్ద పుస్తకం పదిమంది చూస్తారు, చిన్నది దర్యాప్తు అధికారి ఒక్కరే చూడాలి. ఒక నమోదు ఇలా ఉంటుంది:

‘వరస 14. 12వ తేదీ, ఉదయం 8:20. పాలు వేసే అతను. తానే చూశాడు. ఎప్పుడు: ఈ రోజు తెల్లవారుజామున సుమారు 4:45, కరెంటు పోయి వచ్చిన వెంటనే. ఏమిటి: రెండో లైను చివర తెల్ల స్కూటీ, స్టాండు వేసి ఉంది, మనిషి లేడు. నంబరు చూడలేదు. స్టేషన్‌కు ఫోన్‌లో చెప్పింది 8:35.’

ఇందులో బంగారం లాంటి మాట ‘కరెంటు పోయి వచ్చిన వెంటనే’ అన్నది. మనిషి చెప్పే టైము అరగంట అటూ ఇటూ అవుతుంది. కరెంటు వచ్చిన నిమిషం ఈపీడీసీఎల్ (విద్యుత్ సంస్థ) సబ్‌స్టేషన్ లాగ్‌లో దొరుకుతుంది, ఆ లైన్లోని డీవీఆర్ (సీసీ కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) మళ్లీ ఆన్ అయిన సమయం దాని లాగ్‌లోనే ఉంటుంది. అందుకే టైము అడిగినప్పుడు గడియారం ఒక్కటే కాదు, దానికి ఆనుకుని జరిగిందేమిటో అడగండి: గుడి మైకు, బడి బస్సు, నీళ్లు వదిలిన వేళ, టీవీలో వస్తున్న సీరియల్.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘ఎర్ర బైకే కదా అన్నా?’ అంటే ‘ఆ, ఎర్రదే’ అంటాడు, రేపటికి అతనికి అదే నిజమనిపిస్తుంది. ‘అన్నా, ఆ టైములో ఈ లైన్లో ఏం కనబడింది?’ అని అడిగి ఊరుకోండి. తర్వాత ‘అంతకుముందు?’, ‘ఆ తర్వాత?’ అంతే. తానే చూశాడా, ఎవరో చెబితే విన్నాడా అన్నది ప్రతిసారీ రాయాలి. విన్నదైతే మొదట చెప్పినవారి దగ్గరికి వెళ్లండి.

రెండు మూడు పేజీల వాంగ్మూలాలు రాసి సంతకాలు తీసుకోవడం చాలా కాలనీల్లో ఉత్సాహంగా చేస్తారు. వద్దు. రేపు కోర్టులో సాక్షి చెప్పేదానికీ మీరు రాసినదానికీ ఒక్క ముక్క తేడా ఉన్నా డిఫెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటాడు. వాంగ్మూలం నమోదు చేయడం పోలీసుల పని, అక్కడ కూడా సాక్షి సంతకం తీసుకోరు. మీది నాలుగు లైన్ల సారాంశం. ‘స్టేషన్‌కు పిలుస్తారేమో’ అని వెనకాడే ఆడవాళ్లకు, అరవై దాటినవాళ్లకు ఒక మాట చెప్పండి: సాక్షులుగా వాళ్లు స్టేషన్‌కు రానక్కర్లేదు, ఉండేచోటికే వచ్చి అడగాలని నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ అంటోంది.

సీసీ కెమెరా: గడియారంతో పందెం

గది వల్ల దర్యాప్తుకు కలిగే అసలైన లాభం ఇక్కడే. స్టేషన్‌లో ఉన్న నలుగురు కానిస్టేబుళ్లు అరవై ఇళ్ల కెమెరాలు చూసేసరికి సగం ఫుటేజీ చెరిగిపోతుంది.

లెక్క చూడండి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక్క కెమెరా రోజుకు 43 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలైతే 173 జీబీ దాకా. ఇళ్లలో ఎక్కువగా కనబడే 1 టీబీ డిస్కు ఆరు రోజులైనా ఆగదు. కొత్త కంప్రెషన్‌తో 2 మెగాబిట్లకు దించి ఉంటే పదకొండు రోజులు వస్తుంది. మెమొరీ కార్డు పెట్టిన చిన్న వైఫై కెమెరాలు 64 జీబీ కార్డుతో రెండు మూడు రోజుల్లో పాతదాని మీద కొత్తది రాసేస్తాయి. కాబట్టి చూడాల్సిన వరస ఇది: ముందు మెమొరీ కార్డు కెమెరాలు, తర్వాత ఇళ్ల డీవీఆర్‌లు, చివర పెద్ద షాపులు, ఫంక్షన్ హాళ్లు. ఒకేసారి వంద మంది గానీ రోజుకు అయిదు వందల మంది గానీ వచ్చే సంస్థలు ముప్పై రోజుల ఫుటేజీ ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. అక్కడ కాస్త ఊపిరి ఉంటుంది. రోడ్ల మీది పోలీసు కెమెరాల జోలికి మీరు వెళ్లక్కర్లేదు, అవి అధికారి చూసుకుంటారు.

ఏ కెమెరా ముందు అన్నది బయటికి వెళ్లే దారులను బట్టి తేల్చుకోండి. ఎంవీపీ నుంచి బండి మీద బయటపడాలంటే ఒకవైపు వెంకోజీపాలెం, ఇసుకతోట దగ్గర హైవే ఎక్కాలి, ఇంకోవైపు అప్పూఘర్ దగ్గర బీచ్ రోడ్డు పట్టాలి. లోపలి ముప్పై సందుల కెమెరాల కంటే ఆ మలుపుల్లోని మూడు షాపుల కెమెరాలు విలువైనవి.

డీవీఆర్ ముందు కూర్చోగానే మొట్టమొదట చేయాల్సింది టైము తేడా పట్టుకోవడం. తెర మీది గడియారం, పక్కనే మీ ఫోన్ గడియారం రెండూ పడేలా ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. తెర మీద 7:52, ఫోన్‌లో 7:41 ఉంటే ఆ డీవీఆర్ పదకొండు నిమిషాలు ముందుంది. అందులో 6:20కి కనబడిన మనిషి నిజానికి 6:09కి వెళ్లాడు. ఇది రాయకపోతే పక్కపక్క ఇళ్ల రెండు కెమెరాల్లో మనిషి వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన డీవీఆర్‌లు కరెంటు పోయినప్పుడల్లా ఏవో పాత సంవత్సరాలకు వెళ్లిపోతాయి. తేదీ తప్పుందని వదిలేయొద్దు, ఆ తేడా కూడా అలాగే రాయండి. గడియారాన్ని సరిచేయడానికి మాత్రం చేయి పెట్టకండి.

రాత్రి 11 నుంచి 5 లోపు ఎప్పుడో దొంగతనం జరిగిందంటే ఆరు గంటలు కూర్చుని చూడక్కర్లేదు. గేటు ముందు బైకు ఉండి, తర్వాత లేకపోతే, మధ్యలో 2 గంటల దగ్గరికి వెళ్లండి. బైకు ఉంటే 3:30కి, లేకపోతే 12:30కి. ఇలా సగం సగం చేస్తూ ఆరుసార్లు చూస్తే ఆరు నిమిషాల లోపుకు వచ్చేస్తారు. మనిషి దాటి వెళ్లడం లాంటి, జాడ మిగలని సంఘటనకు ఈ ఉపాయం పనిచేయదు, అక్కడ ఓపిగ్గా నాలుగింతల వేగంతో చూడాల్సిందే.

దొరికింది కదా అని తెరను ఫోన్‌తో వీడియో తీసి పంపేయడం అందరూ చేసే పని. అధికారికి ఆనవాలుగా చూపడానికి చాలు, సాక్ష్యంగా ఏ మూలకూ రాదు. వాట్సాప్ ఫైలును కుదించేస్తుంది, బండి నంబరు ప్లేటు మచ్చలా మారిపోతుంది. డీవీఆర్ నుంచే కొత్త పెన్‌డ్రైవ్‌లోకి, అది ఏ ఫార్మాట్లో ఇస్తే ఆ ఫార్మాట్లోనే తీయాలి. దాని ప్లేయర్ కూడా ఇస్తుంటే అదీ తీసుకోండి. సంఘటనకు గంట ముందు, గంట తర్వాత కూడా ఉండాలి. ఇళ్ల దొంగతనమైతే అంతకు రెండు మూడు రోజుల ముందు పగటి పూట ఫుటేజీ కూడా చెరగకుండా చూడండి, రెక్కీకి వచ్చిన ముఖం అక్కడే దొరుకుతుంది. అంత డేటా పెన్‌డ్రైవ్‌లో పట్టదు. యజమాని ఒప్పుకుంటే, అధికారి సరేనంటే, డిస్కు తీసి పోలీసులకు మధ్యవర్తుల (పోలీసులు పిలిచే స్వతంత్ర సాక్షుల) సమక్షంలో అప్పగించి కొత్తది వేసుకోవడమే సులువు. డీవీఆర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేశాకే డిస్కు తీయాలి. పాస్‌వర్డు గుర్తులేకపోతే ఊహించి కొట్టొద్దు, చాలా మోడళ్లు కొన్ని తప్పులకే లాక్ అయిపోతాయి. ‘రీసెట్ చేద్దాం’ అన్న మెకానిక్‌ను ఆరోజు లోపలికి రానివ్వకండి.

నకలు ఫైలు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందులో పార్ట్ ఎ పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, అంటే ఇంటి యజమానో షాపాయనో ఇవ్వాలి. పార్ట్ బి నిపుణుడిది. రెంటిలోనూ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్‌ఏ 256 అనే పద్ధతిలో వచ్చే ఈ హ్యాష్ ఫైలు వేలిముద్ర లాంటిది, ఒక్క బిట్ మారినా అంకె మొత్తం మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి తీసిన వెంటనే ఆ విలువ చూసి పుస్తకంలో రాసుకుంటే, ఆ తర్వాత ఎవరూ చేయి పెట్టలేదని చెప్పడానికి అదే ఆధారం. యజమానికి ఈ ధ్రువపత్రం సంగతి ముందే చెప్పండి. తర్వాత కోర్టు కాగితం వచ్చినప్పుడు ‘మాకెందుకొచ్చిన గొడవ’ అని వెనక్కి తగ్గేది ఇక్కడే.

ఇంటింటికీ, అదే వేళకు

ఇంటింటికీ తిరిగేటప్పుడు పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ రాయండి. తాళం వేసి ఉన్న ఇళ్లను కొట్టేయకుండా వేరే పేజీలో పెట్టి మళ్లీ వెళ్లండి. చూసింది వాళ్లే కావచ్చు, ఊరెళ్లేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరతారు.

కాలనీ వాసుల కంటే ఎక్కువ చూసేది కాలనీలో ఉండనివాళ్లు. పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, జీవీఎంసీ పారిశుద్ధ్య కార్మికులు, వాచ్‌మెన్, షిఫ్టు బస్సు దిగి నడిచొచ్చే ఉద్యోగులు. వీళ్లను పట్టుకోవడానికి ఒకటే మార్గం: సంఘటన జరిగిన వేళకే మర్నాడు అదే చోట గంటసేపు నిలబడండి, మళ్లీ వారం తిరిగాక అదే రోజున నిలబడండి. మంగళవారం సంతకు మాత్రమే ఆ దారిన వెళ్లే మనిషి బుధవారం దొరకడు.

తప్పిపోయినవారి కోసమైతే జాబితా వేరు. ఆర్టీసీ కాంప్లెక్స్, మద్దిలపాలెం బస్టాండు, విశాఖపట్నం, సింహాచలం, దువ్వాడ రైల్వే స్టేషన్లు, కేజీహెచ్ ఆసుపత్రి క్యాజువాలిటీ, బీచ్ రోడ్డు. ఒక్కో చోటికి ఒక్క మనిషే వెళ్లాలి, వెళ్లిన టైమూ కలిసినవారి పేరూ పుస్తకంలో పడాలి. లేదంటే అందరూ కేజీహెచ్‌కే వెళ్తారు, దువ్వాడకు ఒక్కరూ వెళ్లరు.

ఫొటో ఫార్వర్డ్ చేస్తే ఏమవుతుంది

2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో పదుల కొద్దీ బోట్లు తగలబడ్డాయి. మర్నాటికే ఒక యూట్యూబర్ పేరు ఫోన్లన్నిటికీ పాకిపోయింది. పోలీసులు కెమెరా దృశ్యాలు, అక్కడున్నవారి మాటలు కలిపి చూశాక అరెస్టు చేసింది వేరే ఇద్దరిని. సిగరెట్ నిప్పు నైలాన్ వల మీద పడి అంటుకుందని తేల్చారు. ఆ మధ్య రోజుల్లో ఆ యూట్యూబర్ కుటుంబం సంగతి ఊహించుకోండి.

చట్టపరంగా ఇంకో నష్టం ఉంది. అనుమానితుడి ఫొటోను సాక్షి ముందే గ్రూపులో చూసేస్తే, తర్వాత జైల్లో జరిగే గుర్తింపు పరేడ్‌కు విలువ పోతుంది. ‘మీరు గుర్తుపట్టింది మనిషినా, వాట్సాప్ ఫొటోనా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అందుకని గ్రూపులో మూడే మూడు ఉండాలి: గది వేళలు, ఫోన్ నంబరు, ఫలానా టైములో ఫలానా చోట ఉన్నవారు వచ్చి చెప్పండన్న వినతి. గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేయండి. తిట్లు పడతాయి, పడనివ్వండి.

ఎవరినైనా పట్టుకుని గదికి తెస్తే లోపల కూర్చోబెట్టొద్దు, ప్రశ్నించొద్దు, వెంటనే 112. సామాన్యులు పట్టుకున్న మనిషిని ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలని నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది కలిసి ఊరు, కులం, భాష లాంటివి చూసి చంపితే దానికి ఉరి దాకా శిక్ష ఉంది.

దొరికిన వస్తువుల గురించి: గది బల్ల మీదికి ఏదీ తేవద్దు. ఇనప కడ్డీ, చెప్పు, సిగరెట్ పీక ఏది కనబడినా ఉన్నచోటే ఉంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ప్లాస్టిక్ తొట్టి బోర్లించి, క్లూస్ టీమ్ వచ్చేదాకా ఒక మనిషిని కాపలా పెట్టండి. విశాఖ గాలిలో తేమకు, ఉన్నట్టుండి పడే జల్లుకు అడుగుజాడలు గంటల్లో పోతాయి. గుడ్డ కప్పితే అదే తుడిచేస్తుంది. ఎవరో ఇప్పటికే తీసి తెచ్చేస్తే పాలిథిన్ కవరులో కాకుండా కాగితం కవరులో పెట్టి, ఎవరెవరి చేతులు తగిలాయో నిజాయితీగా రాయండి.

అప్పగింత, మూసివేత

రోజూ ఒకే వేళకు, సాయంత్రం ఆరనుకోండి, ఆ రోజు వరస నంబర్ల ఫొటో నకళ్లు అధికారి చెప్పిన వ్యక్తికి ఇచ్చి వేరే అప్పగింత పుస్తకంలో సంతకం తీసుకోండి. బండి నంబరు, పారిపోతున్న దిక్కు లాంటివి సాయంత్రం దాకా ఆగవు, అప్పటికప్పుడు ఫోన్ చేయాలి. వచ్చిన ప్రతి ముక్కకూ ‘ఏమైంది?’ అని తిరిగి అడగొద్దు. దర్యాప్తు పురోగతి తొంభై రోజుల లోపు ఫిర్యాదుదారుకో బాధితులకో తెలపాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. ఆ హక్కు వాళ్లది, గదిది కాదు.

వరసగా మూడు రోజులు కొత్త నమోదు లేకపోతే మూసేయండి. గది పండగ పందిరిలా వారాల తరబడి సాగితే చివరికి మిగిలేది కబుర్లే. పెద్ద పుస్తకం, చిన్న పుస్తకం, పెన్‌డ్రైవ్‌లు అన్నీ జాబితా రాసి అధికారికి అప్పగించి రసీదు తీసుకోండి. పుస్తకం రాసినవాళ్లను ఏడాది తర్వాతో రెండేళ్ల తర్వాతో కోర్టు సాక్షులుగా పిలవొచ్చు, అందుకు ఎవరు ఏ వంతులో కూర్చున్నారో చివరి పేజీలో ఉండాలి. మీ ఫోన్లలోని నకళ్లు చెరిపేయండి. సిమ్‌ను ఇంకో నెల ఆన్‌లో ఉంచండి, కాల్ వస్తే స్టేషన్ నంబరు చెప్పండి. తప్పిపోయినవారు దొరికితే అదే రోజు గోడల మీది పోస్టర్లు, గ్రూపుల్లోని ఫొటోలు తీయించేయండి, పిల్లలైతే మరీ త్వరగా.